గాలి ఎక్కడ పోతున్నది?

ఈ నెల మేము వ్రాయుచున్నది కారు టైరును గురించి. కుటుంబ పత్రికలో టైరు సంగతి ఏమిటని కొందరు అనుకోవచ్చును. కాని నేడు మన పల్లెలలో బండి లేని ఇల్లు అరుదు. మోటారు సైకిలో, ఆటోయో, ట్రాక్టరో, పాత కారో ఏదో ఒకటి వాకిట ఉన్నది. ఆసుపత్రికి, బడికి, పెండ్లికి, ఆరాధనకు మన పెద్దలను, పిల్లలను అందులోనే కూర్చోబెట్టుకొని వెళ్ళుచున్నాము. కారు మొత్తము బరువు నేల మీద ఆనే చోటు నాలుగు టైర్ల క్రింద ఒక్కొక్క అరచేయంత మాత్రమే. ఆ నాలుగు అరచేతులలో ఒకటి నెమ్మదిగా జారిపోతున్నా మనము చాలా దినములు గమనించము. గమనించినా గాలి కొట్టించి పోనిస్తాము. మేమూ అట్లే చేశాము. దాని ఫలితమును ముందుగా చెప్పి, పిమ్మట నేర్చుకొన్న సంగతులు వివరముగా వ్రాస్తాము.

మంగళవారము ఉదయము

మేము సేవ చేయుచున్న సంఘములు నెల్లూరుకు తూర్పున, ఇందుకూరుపేట మండలములో మైపాడు సముద్రము వైపు ఉన్న పల్లెలలో ఉన్నవి. 2019లో సంఘస్థులు కానుకలు పోగుచేసి మాకు ఒక పాత కారు కొని ఇచ్చారు. అది మా కారు అనుటకంటె ఊరి కారు అనుటే సరి.

మా సంఘములో ఒక పెద్దతల్లి ఉన్నది. ఆమె మూత్రపిండములు పనిచేయుట లేదు. వారమునకు మూడు సార్లు నెల్లూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవలెను. మంగళవారము వంతు మాది. తెల్లవారుజామున బయలుదేరితే ఆరు గంటలకల్లా ఆమెను ఆసుపత్రి మెట్ల దగ్గర దింపుతాము. ఒక్కొక్కసారికి నాలుగు గంటలు పట్టే పని. మన వేళ తప్పితే తరువాతి వారు మంచము ఎక్కుతారు; మనము ఖాళీ కొరకు కాచుకొని కూర్చోవలెను.

2023 జూన్‌లో మొదటిసారి కారు ఎడమ వెనుక టైరు మెత్తగా కనబడినది. గాలి కొట్టించాము. వారము తిరిగేసరికి మరల మెత్తబడినది. శనివారము శనివారము నెల్లూరు వెళ్ళినప్పుడు పది రూపాయలిచ్చి గాలి పెట్టించుకొనుట అలవాటైనది. ఆగస్టులో టైరులో ఒక ముల్లు కనబడితే తీయించి, పంక్చరు వేయించాము. ఇక అయిపోయినదనుకొన్నాము. పది దినములు గడవకముందే మరల అదే తీరు. ‘పంక్చరు సరిగా వేయలేదు’ అని ఆ షాపు అతనిని మనసులో తప్పుపట్టి, మరల శనివారపు గాలికే తిరిగి వచ్చాము.

అక్టోబరులో ఒక మంగళవారము ఉదయము, ఇందుకూరుపేట దాటి నెల్లూరు దారిలో పోవుచుండగా బండి వెనుక భాగము ఈడ్చినట్లయినది. దారి గుంటలనుకొని మరికొంత దూరము పోనిచ్చాము. పిమ్మట రబ్బరు కాలిన వాసన వచ్చినది. దిగి చూస్తే టైరు పూర్తిగా అణగి, ప్రక్క భాగము నలిగి చిరిగిపోయి ఉన్నది. సరే, స్టెప్నీ ఉన్నది గదా అని డిక్కీ తెరిచాము. స్టెప్నీలో కూడ గాలి లేదు. దానిని మేము రెండేండ్లుగా ముట్టుకొనలేదు.

ఆ తల్లి కారులోనే కూర్చొని ఉన్నది. రెండు దినముల నీరు ఒంటిలో నిలిచి ఉన్నందున ఆమెకు ఆయాసము. పండుకోలేదు, ఆనుకోలేదు. రోడ్డు మీద ఒక్కొక్క బండిని ఆపుతూ ముప్పావు గంట నిలబడ్డాము. చివరకు రొయ్యల మేత దించి తిరిగి వచ్చుచున్న ఒక ఆటో అతను ఆపి, మేత సంచుల మీద దుప్పటి పరచి ఆమెను కూర్చోబెట్టుకొన్నాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆమె వంతు దాటినది. మధ్యాహ్నము దాకా బల్ల మీద వంగి కూర్చొని ఊపిరి తీసుకొనుటకు ఆమె పడిన కష్టము మా కళ్ళ ముందే జరిగినది. దేవుని దయవలన ఆమెకు ప్రమాదము కలుగలేదు. కాని ఆ కష్టము ఆమెకు రావలసినది కాదు.

భాయ్ చూపించినది

ఆ సాయంత్రము చక్రము విప్పించి ఆటోలో వేసుకొని నెల్లూరులో ఒక పంక్చరు షాపుకు వెళ్ళాము. షాపు యజమాని పెద్దవాడు. నలభై ఏండ్లుగా అదే పని. టైరును డిస్కు నుండి విడదీసి, లోపల చేయి పెట్టి, గుప్పెడు నల్లని రబ్బరు పొడి తీసి మాకు చూపించాడు.

“అయ్యగారూ, ఇది టైరు లోపలి ఒళ్ళు. గాలి లేకుండా తోలితే ప్రక్కలు నలిగి ఇట్టా పొడైపోతాది. ఇంక దీనికి పంక్చరు వేసినా పనికిరాదు” అన్నాడు.

“సరే భాయ్, కొత్త టైరు వేసేయి” అన్నాము.

ఆయన ఒప్పుకోలేదు. “కొత్త టైరు వేసినా గాలి ఆగదు. మీరు ముల్లు తీయించిన చోట పంక్చరు బాగానే ఉండాది. గాలి పోతా ఉండేది ఈడ” అని డిస్కు అంచు మీద వేలు పెట్టాడు. టైరు అంచు వచ్చి కూర్చునే చోట రంగు పొక్కి, చేతి వేలి పొడవున తుప్పు పొరలు లేచి ఉన్నవి. గోటితో గీస్తే రాలుతున్నవి. “ఉప్పుగాలి ఊరు కదా మీది. నాలుగు నెలలుగా మీరు గాలి కొనుక్కుంటా ఉండారు గాని, అది యాడికి పోతా ఉండాదో చూడలేదు.”

మేము మనసులో తప్పుపట్టిన ఆ మొదటి షాపు అతను తన పని తాను సరిగానే చేశాడు. గాలి పోయే దారులు రెండు ఉండగా, ఒకటి దొరకగానే వెదకుట మానినది మేము. ఆ సాయంత్రము భాయ్ చెప్పినవి, తరువాత మేము చదివి, చేసి చూచి తెలుసుకొన్నవి కలిపి ఈ క్రింద వ్రాయుచున్నాము.

గాలి తగ్గుట ఎప్పుడు సహజము?

మంచి టైరులో కూడ గాలి కొంచెము తగ్గుతుంది. రబ్బరు ఇనుప గోడ కాదు. దాని గుండా గాలి బహు నెమ్మదిగా బయటకు పోతూనే ఉంటుంది. నెలకు ఒకటి రెండు పౌన్లు తగ్గితే అది రోగము కాదు. పంక్చరు షాపులో ‘ముప్పై పెట్టు’ అంటే చదరపు అంగుళమునకు 30 పౌన్ల ఒత్తిడి అని అర్థము. మన కారుకు ఎంత పెట్టవలెనో డ్రైవరు తలుపు తెరిస్తే ప్రక్క స్తంభము మీద అంటించిన చీటీలో ఉంటుంది. టైరు మీద అచ్చుపోసిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠము. అది పెట్టవలసిన గాలి కాదు.

రెండవది, వాతావరణము. వేడి అయిదారు డిగ్రీలు తగ్గితే టైరులో సుమారు ఒక పౌను ఒత్తిడి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నము మన నెల్లూరు ఎండలో 32 చూపిన టైరు, డిసెంబరు తెల్లవారుజామున 29 చూపితే ఆశ్చర్యపడనక్కరలేదు. బండి నడిచినప్పుడు కూడ టైరు వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. కనుక గాలిని ఎప్పుడూ ఉదయము, బండి కదలకముందు కొలవవలెను. పది మైళ్ళు నడిపి వచ్చి కొలిచిన అంకెను నమ్మరాదు.

ఇక్కడ ఒక సులువైన గుర్తు ఉన్నది. నాలుగు టైర్లు సమానముగా తగ్గితే అది కాలము, వాతావరణము చేసిన పని. మూడు బాగుండి ఒక్కటే తగ్గితే అందులో ఎక్కడో దారి ఉన్నది. దీనిని కంటితో చూచి చెప్పలేము. ఈనాటి టైర్లు ప్రక్కకు కొంచెము ఉబ్బినట్లే ఉంటాయి. అయిదారు పౌన్లు తగ్గినా పైకి తెలియదు. చిన్న గాలి గేజి ఒకటి కొని ఇంట్లో ఉంచుకొనవలెను. షాపు షాపుకు గేజిలు ఒకటి రెండు అంకెలు తేడా చూపవచ్చును గనుక, ఎప్పుడూ ఒకే గేజితో కొలుచుట మేలు. ఒక నోటు పుస్తకములో నాలుగు చక్రముల అంకెలు తేదీతో వ్రాసి, మూడు దినముల తరువాత మరల వ్రాయండి. మేము జూన్‌లోనే ఈ పని చేసియుంటే, ‘వారమునకు అయిదు పౌన్లు’ అని ఆ పుస్తకమే మాకు చెప్పియుండును.

టైరులో గాలి ఎట్లు నిలుచును?

గాలి నింపిన చక్రమునకు మొదటి పేటెంటు 1845లో స్కాట్లండు వాడైన రాబర్ట్ విలియం థామ్సన్‌ది. అది వాడుకలోనికి రాక మరుగునపడినది. 1888లో బెల్‌ఫాస్టు పట్టణములో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన చిన్న కుమారుని మూడు చక్రముల సైకిలు కుదుపు లేకుండా పోవుటకై రబ్బరు గొట్టములో గాలి నింపి బిగించాడు. తండ్రి తన బిడ్డ కొరకు చేసిన ఆ పనితోనే గాలి టైరు లోకమంతటికీ వ్యాపించినది. మన ప్రక్కనే మద్రాసు తిరువొత్తియూరులో 1946లో కె. ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై పిల్లల బుడగలు చేసే చిన్న పని ప్రారంభించారు. అదే తరువాత ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కంపెనీ అయినది. బుడగ అయినా, టైరు అయినా చిక్కు ఒక్కటే: లోపలి గాలిని లోపలే ఉంచుట.

పాత కార్లలో టైరు లోపల ట్యూబు ఉండేది. ఇప్పటి కార్లలో ట్యూబు లేదు. టైరు లోపలి ప్రక్కన గాలిని బాగా ఆపగల బ్యూటైల్ రబ్బరు పొర ఉంటుంది. టైరు రెండు అంచులు డిస్కు గట్టుకు గట్టిగా అదుముకొని కూర్చుంటాయి. లోపలి గాలే వాటిని అదిమి పట్టి ఉంచుతుంది. గాలి ఎక్కించుటకు వాల్వు ఒకటి ఉన్నది. కాబట్టి గాలి పోగల చోట్లు ముఖ్యముగా మూడే: వాల్వు, టైరు ఒళ్ళు, టైరు అంచు డిస్కును తాకే చోటు. మూడింటినీ వరుసగా చూడవలెను.

వెదకవలసిన క్రమము

ఒక చెంబు నీటిలో కొంచెము సబ్బు పొడి కలిపి నురుగు వచ్చేలా చేయండి. పాత గడ్డపు బ్రష్షు ఒకటి చాలును. టైరులో సరిపడా గాలి నింపిన తరువాతనే ఈ పరీక్ష. గాలి లేని టైరు ఏమీ చెప్పదు.

మొదట వాల్వు. మూత తీసి, వాల్వు నోటి మీద సబ్బు నీటి చుక్క వేయండి. పల్లెలలో వేలికి ఉమ్మి తడిపి పెట్టేది ఇందుకే. బుడగ లేస్తే లోపలి పిన్ను వదులైనదని గాని, దానిలో ఇసుక చేరినదని గాని తెలుసుకోవలెను. సముద్రపు ప్రక్క ఊళ్ళలో ఇసుక రేణువు వాల్వులోనికి పోవుట తరచు జరిగేదే. మూత పోయిన వాల్వుకు మరీ ఎక్కువ. పిన్ను బిగిస్తే ఆగవచ్చును. లేకుంటే కొత్త పిన్ను వేయించవలెను, ఖర్చు బహు తక్కువ. పిమ్మట వాల్వు మొదలు దగ్గర సబ్బు నీరు పూసి, వాల్వును నెమ్మదిగా నాలుగు ప్రక్కలకు వంచి చూడండి. ఎండకు ఎండిన రబ్బరులో పగుళ్ళుంటే వంచినప్పుడే బుడగలు వస్తాయి. అట్టి వాల్వును మార్చవలసినదే.

రెండవది టైరు ఒళ్ళు. నేలకు తగిలే భాగమును గాళ్ళ మధ్య జాగ్రత్తగా చూడండి. మన ప్రాంతములో సర్కారు తుమ్మ ముల్లు మొదటి శత్రువు. కంచెలకు, పొయ్యిలకు కొట్టిన కంప బండ్ల మీద పోతూ దారి పొడవునా రాలుతుంది. తరువాత చేపల పెట్టెల మేకులు, రొయ్యల గుంటల దగ్గర పారవేసిన తీగ ముక్కలు. ముల్లు లోపలికి పోయి పైన విరిగితే కంటికి చిన్న నల్లని చుక్కలాగ మాత్రమే కనబడుతుంది. కనబడినదంతా అక్కడే పీకవద్దు. దిగిన ముల్లే చాలావరకు ఆ రంధ్రమునకు బిరడాగా ఉంటుంది. పీకితే పది నిమిషములలో టైరు అణగిపోవచ్చును. సుద్దతో గుర్తు పెట్టి, షాపుకు చేరిన తరువాత తీయించండి. సబ్బు నీరు టైరు పై సగము పూసి, బండిని అర చుట్టు ముందుకు జరిపి మిగిలిన సగము పూయవలెను. క్రింద నేలకు అదిమి ఉన్న రంధ్రము ఏ గుర్తూ ఇవ్వదు. తొందరపడవద్దు, సన్నని రంధ్రము దగ్గర చీమ గుడ్లంత నురుగు లేచుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును.

మూడవది డిస్కు అంచు. టైరు, డిస్కు కలిసే గీత చుట్టూ, బయటి ప్రక్క, లోపలి ప్రక్క కూడ సబ్బు నీరు పూయవలెను. మేము తప్పిపోయినది ఇక్కడనే. ఉప్పుగాలిలోని తేమ ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక అది ఉబ్బి, రంగును పొక్కించి, టైరు అంచును లోపలినుండి నెడుతుంది. ఆ సందులోనుండి గాలి వెంట్రుకవాసి దారిన పోతూ ఉంటుంది. మైపాడు, కృష్ణపట్నము, జువ్వలదిన్నె వైపు తిరిగే బండ్లకు, ఇసకపల్లి ఉప్పు మళ్ళ ప్రక్క దారులలో నడిచే బండ్లకు, రొయ్యల లారీల నుండి కారే ఉప్పు నీటి మీదుగా పోయే బండ్లకు ఈ బాధ సహజము. అల్యూమినియము అల్లాయ్ చక్రములకు ఎర్ర తుప్పు రాదు గాని, తెల్లని పొడివలె పొక్కుతుంది; ఫలితము అదే. గుంటలో గట్టిగా పడిన చక్రమునకు అంచు వంగినా గాలి ఇట్లే పోతుంది.

ఈ మూడు చోట్ల దొరకకపోతే చక్రము విప్పించి షాపులోని నీళ్ళ తొట్టిలో పూర్తిగా ముంచి చూపించుకోవలెను. ఒక చోట దొరికినా మిగిలిన చోట్లు కూడ చూడమని అడగండి. మరమ్మతు అయిన తరువాత గాలి కొలిచి వ్రాసుకొని, మూడవ దినమున మరల కొలవండి. ఆ రెండవ కొలత వరకు మరమ్మతు పూర్తి కాలేదనే ఎంచవలెను.

ఏది మరమ్మతు, ఏది కాదు?

రంధ్రము నేలకు తగిలే భాగము నడుమ ఉండి, 6 మిల్లీమీటర్లకు మించకపోతే దానిని బాగుచేయవచ్చును. బయటినుండి జిగురు రబ్బరు తాడు గుచ్చి వేసేది త్వరగా అయ్యే పని. ఊరు చేరుటకు బాగా పనికివస్తుంది. కాని టైరు విప్పి, లోపల చూచి, పుట్టగొడుగు ఆకారపు ప్యాచి లోపలినుండి వేసేదే నిలిచే మరమ్మతు. దాని కాడ రంధ్రమును నింపుతుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కొంటుంది. లోపల చూచుటవలన ఇంకొక మేలు ఉన్నది: గాలి తక్కువగా నడిపిన టైరు లోపల నలిగినదో లేదో అప్పుడే తెలుస్తుంది.

టైరు ప్రక్క భాగములో గాని, భుజము దగ్గర గాని రంధ్రము పడితే ఎవరు వేస్తామన్నా వేయించవద్దు. బండి నడుచునప్పుడు ప్రతి చుట్టుకు వంగి లేచేది ఆ భాగమే. అక్కడ వేసిన అతుకు నిలువదు. కొన్ని చోట్ల ‘లోపల ట్యూబు వేస్తాము, పోతుంది’ అంటారు. ట్యూబు లేకుండా నడుచుటకు చేసిన టైరులో ట్యూబు వేస్తే అది లోపల రాపిడికి వేడెక్కి, ఉన్నపాటున పగిలే ప్రమాదము ఉన్నది. నెమ్మదిగా పోయే గాలిని ఒక్కసారిగా పోయే గాలిగా మార్చుకొనుట తెలివి కాదు.

డిస్కు తుప్పుకు మందు ఓపిక. టైరు విడదీసి, ఇనుప బ్రష్షుతో, గరుకు కాగితముతో తుప్పంతా గీకి, నున్నగా చేసి, తుప్పు ఆపే రంగు పూసి ఆరనిచ్చి, టైరు అంచుకు ఆ పనికి వాడే జిగురు పూసి ఎక్కించవలెను. భాయ్ మా డిస్కుకు అట్లే చేశాడు. ఒక రాత్రి ఆరబెట్టి మరునాడు కొత్త టైరు ఎక్కించాడు. తుప్పు గుంటలు పడేంతగా తిన్న డిస్కును, పగిలిన డిస్కును మార్చవలెను. వంగినదానిని తెలిసిన వారికి చూపించి సాగదీయించవచ్చును.

టైరులో పోసే ద్రవములు అమ్ముతారు. అవి దారిలో చిక్కుకొన్నప్పుడు మేలే గాని, కారణమును దాచిపెడతాయి. నైట్రోజను గాలి పెట్టిస్తే సరిపోతుందని కొందరు అంటారు. మనము పీల్చే గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజను ఉన్నది. రంధ్రము ఉన్న టైరులో ఏ గాలి పెట్టినా పోయేది పోతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకని అడుగవచ్చును. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకు ఎక్కువగా వంగుతుంది. వంగుటవలన వేడి పుడుతుంది. ఆ వేడి రబ్బరును, లోపలి దారములను విడదీస్తుంది. మేము ఊరి దారిలో నెమ్మదిగా పోవుచున్నాము గనుక రోడ్డు ప్రక్కన నిలబడగలిగాము. అదే టైరుతో చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద మధ్యాహ్నపు ఎండలో వేగముగా పోవుచుంటే ఏమగునో తలచుకొంటేనే భయము.

మోటారు సైకిలు, ట్రాక్టరు ఉన్నవారికి

పద్ధతి ఇదే. ట్యూబు ఉన్న చక్రములలో గాలి నెమ్మదిగా పోతుంటే వాల్వు పిన్నును, పాత ప్యాచి అంచును, వాల్వు ట్యూబుకు అతికిన చోటును చూపించుకోవలెను. ట్యూబు బాగుచేసి మరల వేయకముందు టైరు లోపల గుడ్డతో తుడిపించండి. విరిగిన ముల్లు మొన అక్కడే ఉంటే గుడ్డకు తగులుకొంటుంది. దానిని వదలివేసినందుననే చాలామంది ఒకే చోట రెండు మూడు సార్లు పంక్చరు వేయించుకొంటారు.

స్టెప్నీని మరువవద్దు

మా తప్పులలో పెద్దది ఇదే. స్టెప్నీ వాడకపోయినా దాని గాలి తగ్గుతూనే ఉంటుంది. మిగిలిన నాలుగింటితోబాటు నెలకొకసారి దానిని కూడ కొలవండి. కేంద్ర ప్రభుత్వము 2020లో చేసిన సవరణ ప్రకారము, ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గితే తెలిపే పరికరము, పంక్చరు సామాను ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అయినను రాత్రివేళ షాపు దొరకని మన తీర గ్రామములలో అది ఉండుటే మేలు.

టైరుకు వయసు కూడ ఉన్నది. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చుపోసి ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019 సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. గాళ్ళు బాగున్నా ప్రక్కలు పగుళ్ళిచ్చిన పాత టైరును నమ్మరాదు. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కారు టైరును వాడుట చట్టవిరుద్ధము కూడ.

చక్రము మార్చవలసివస్తే బండిలోనివారిని దింపి, రోడ్డుకు దూరముగా నిలబెట్టండి. చేతి బ్రేకు వేసి, ఎదురు చక్రమునకు రాయి పెట్టండి. ఇసుక నేల అయితే జాకీ క్రింద పలక వేయవలెను. లేకుంటే జాకీ దిగబడి బండి ఒరిగిపోతుంది. నట్లను చక్రము నేల మీద ఉండగానే వదులు చేసి, తరువాత పైకి ఎత్తండి. బిగించునప్పుడు ఒకదాని ప్రక్క ఒకటి కాక, ఎదురెదురుగా బిగించవలెను. ఎత్తిన బండి క్రిందికి ఎట్టి పరిస్థితిలోను దూరవద్దు.

ఇప్పుడు మా ఇంట్లో

ఇప్పుడు ప్రతి నెల మొదటి శనివారము ఉదయము మా పెద్ద కుమారుడు గేజి పట్టుకొని కొలుస్తాడు, చిన్నది పుస్తకములో వ్రాస్తుంది. అయిదు చక్రములు, అయిదు అంకెలు. పది నిమిషముల పని. ఒక ఆదివారము ఆరాధన తరువాత గుడి ఆవరణలో నిలిచిన మిగిలిన కార్లను కూడ కొలిచి చూచాము. మూడు బండ్లలో స్టెప్నీ మెత్తగా ఉన్నది. వాటి యజమానులు మావలెనే నవ్వి, మావలెనే సిగ్గుపడ్డారు.

ఆ పుస్తకములో మా ఎడమ వెనుక చక్రపు అంకె నెలకు ఒక పౌను కంటె ఎక్కువ తగ్గుట లేదు. పది రూపాయల గాలితో నాలుగు నెలలు వాయిదా వేసిన పని, విప్పి చూచి చేయిస్తే రెండు దినములలో అయిపోయినది. పైపైన నింపుతూ పోయినంత కాలము మాకు నెమ్మది లేదు. ఎక్కడ పోతున్నదో చూచిన దినమున నెమ్మది కలిగినది. ఇది టైరుకు మాత్రమే చెల్లే మాట కాదని కుటుంబములు నడుపుకొనుచున్న పాఠకులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పెద్దతల్లి ఇప్పటికీ మంగళవారము మాతోనే వస్తుంది. చీకటిలో వాకిట కారు ఆగగానే కర్ర ఊతముగా వచ్చి, తలుపు తెరవకముందు ఒక్కమాట అడుగుతుంది. “అయ్యగారూ, ఆ చక్రము చూచినారా?”

“చూచినామమ్మా” అంటాము. అప్పుడు ఎక్కి కూర్చుంటుంది.